కొత్త కారుకు దిష్టి తీసిన చోట

నా పేరు కొల్లి వైశాలి. తండ్రి సత్యనారాయణమూర్తి. వయసు ఇరవై మూడు. మాది బాపట్ల జిల్లా చీరాల. ప్రస్తుతం అడిలైడ్‌లోని మాసన్ లేక్స్‌లో ఇద్దరు అమ్మాయిలతో కలిసి అద్దెకుంటూ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాకు ఇంగ్లీషు వచ్చు. అయినా ఇలాంటి సంగతి నా భాషలో అయితేనే ఉన్నదున్నట్టు చెప్పగలననిపించి దుబాసీని అడిగాను. దుబాసీ ఆండాళ్ గారు నా పక్కన కూర్చుని ఉన్నారు.

రస్సెల్ అనే పెద్దాయన తలకు దెబ్బలు ఎలా తగిలాయో చెప్పమని పోలీసు అధికారి అడిగారు. ఆయనకు ఇంకా స్పృహ రాలేదని చెప్పారు.

హరిప్రియ, నేను గుంటూరు హాస్టల్లో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఆమె భర్త బాలమురళి. వాళ్ళు మెల్‌బోర్న్‌లో, పాయింట్ కుక్‌లో ఉంటారు. నన్ను చూసినట్టూ ఉంటుంది, ఊరు చూసినట్టూ ఉంటుందని శుక్రవారం కొత్త కారులో వచ్చారు. ఆ కారుకు ఇంకా పూజ చేయించలేదు. దారిలో కంగారూ ఒకటి అడ్డం దూకి పక్క అద్దాన్ని తన్నుకుపోయింది. అప్పటినుంచి హరిప్రియ మనసు మనసులో లేదు. దిష్టి తీయందే తిరుగు ప్రయాణానికి ఆ కారెక్కనంది. ఇంటి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయలను బయటి పళ్ళు లోపలికి తేకూడదని రాష్ట్రం సరిహద్దులో పెట్టిన డబ్బాలో పడేసి వచ్చారు. ఇక్కడి ఇండియన్ స్టోరులో నిమ్మకాయలు, బూడిద గుమ్మడికాయ, కుంకుమ, కర్పూరం కొన్నది నేనే.

శనివారం గ్లెనెల్గ్ బీచ్ చూశాం. ఆదివారం మధ్యాహ్నం కొండల మీదికి వెళ్ళాం. నలభై రెండు డిగ్రీల ఎండ. ఉత్తరపు గాలి. ఇవాళ ఎక్కడా నిప్పు వెలిగించరాదని హైవే మీద ఎర్రబోర్డు పెట్టి ఉంది. అది ముగ్గురం చదివాం.

పైన ఊరంతా కనిపించే చోట కారు ఆపాం. మా అపార్టుమెంటు ముందు గుమ్మడికాయ పగలగొడితే పక్కవాళ్ళు ఫిర్యాదు చేస్తారు కాబట్టి ఆ పని అక్కడ చేద్దామన్నారు. ఫోటోలు తీసుకున్నాం. బాలమురళి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. గుమ్మడికాయకు గంటు పెట్టి లోపల కుంకుమ పోశాడు.

"ప్రియా, ఇవాళ నిప్పు వద్దు. బోర్డు చూశావుగా," అన్నాను.

"అది బార్బెక్యూలు చేసుకునేవాళ్ళకే. కర్పూరం నిప్పేంటే? హారతి," అంది.

"చెల్లెమ్మా, వన్ మినిట్‌లో అయిపోతుంది. ఆస్ట్రేలియా నీళ్ళు తాగి మరీ స్ట్రిక్ట్ అయిపోయావు," అని బాలమురళి నవ్వాడు. నేనూ నవ్వాను.

అతను గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కారు ముందు మూడుసార్లు తిప్పి నేలకేసి కొట్టాడు. కాయ పగిలింది. కర్పూరమున్న ముక్క దొర్లి గడ్డిలో పడింది. గడ్డి వెంటనే అంటుకుంది. ముందు చేటంత, చూస్తుండగానే చాపంత. నా సీసాలో నీళ్ళు పోశాను. చాలలేదు.

అప్పుడు పక్కన ఆగిన ట్రక్కులోంచి రస్సెల్ గారు తడి దుప్పటి పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. దుప్పటితో బాదుతూ, బూట్లతో తొక్కుతూ మంట ఆర్పారు. ఆయన కనుబొమలు కాలాయి. ఆరిన తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని నేలను అరచేత్తో అక్కడక్కడా తాకి చూశారు, జ్వరం చూసినట్టు.

తర్వాత లేచి బాలమురళి ముఖం మీద పిడికిలితో గుద్దారు. పెదవి చిట్లింది. చొక్కా పట్టుకుని ముఖాన్ని బానెట్‌కేసి కొట్టారు. మళ్ళీ కొట్టారు. "గాలి చూడు, గాలి చూడు," అని ఇంగ్లీషులో అరుస్తున్నారు. తన అన్న ఇలాంటి రోజే కార్చిచ్చులో కాలిపోయాడన్నారు. హరిప్రియ అడ్డం వెళ్తే తోసేశారు. ఆమె గుమ్మడికాయ ముక్కల మీద పడింది. ఆయన బూటుకాలితో తన్నితే కారు ముందు లైటు పగిలింది.

ఇదంతా ఆయన చేశారు. ఇది కూడా రాసుకోవాలి.

ఆ తర్వాత ఆయన వదిలేశారు. వెనక్కి తిరిగారు. నడిచి వెళ్ళి దుప్పటి తీసుకోవడానికి వంగారు.

బాలమురళి డిక్కీ తెరిచి చక్రాల బోల్టులు విప్పే ఇనుపరాడ్డు తీశాడు. "అన్నయ్యా, వద్దు," అన్నాను. అతను వెళ్ళి వెనక నుంచి తల మీద కొట్టాడు. ఆ చప్పుడుకు నా దగ్గర మాట లేదు. ఆయన మోకాళ్ళ మీద కూలారు. రెండో దెబ్బ భుజం మీద పడింది. ఆయన పక్కకు ఒరిగారు. దుప్పటి అంచు చేతిలోనే ఉంది. "నా పెళ్ళాం మీద చెయ్యేస్తావా, నా పెళ్ళాం మీద చెయ్యేస్తావా," అని బాలమురళి తెలుగులో అడుగుతున్నాడు. ఆయన చెయ్యి ఎత్తలేదు. కదల్లేదు. మూడో దెబ్బ మళ్ళీ తల మీద కొట్టాడు. నాలుగోసారి ఎత్తినప్పుడు నేను రాడ్డు పట్టుకున్నాను. ఎండకు అది కాలుతోంది. నా ఎడమ అరచెయ్యి చీరుకుపోయింది. అప్పటికి అతను వదిలాడు. కింద కూర్చుని వాంతి చేసుకున్నాడు.

నేను అంబులెన్సుకు ఫోన్ చేస్తుండగా హరిప్రియ రాడ్డు తీసుకుని, కారు ఆపిన చోటున్న బోర్డుకు ఎడమవైపు లోయలోకి విసిరేసింది. అది పొదల్లో పడడం చూశాను. చోటు చూపించగలను.

అధికారి చూపిన ఫోటోలో కారు ముందు ఎర్రగా ఉన్నది కుంకుమ. దుప్పటి దగ్గరున్నది రక్తం.

అంబులెన్సు వచ్చేలోగా హరిప్రియ నా చెయ్యి తన చున్నీతో కట్టింది. కడుతూ, "వైశూ, కాలు జారి రాతిగట్టు మీద పడ్డాడని చెప్పవే. మా ఆయన్ని ఎలా కొట్టాడో చూశావుగా. మా బతుకంతా ఈ దేశంలోనే ఉందే," అంది.

"చూశాను," అన్నాను. నేనన్నది అంతే. ఆమె దాన్ని ఒప్పుకోలు అనుకుంది. నేను కాదనలేదు.

ఆయన కాలు జారలేదు. మొదటి దెబ్బ పడేటప్పటికి ఆయన అటు తిరిగి ఉన్నారు. మూడో దెబ్బ పడేటప్పటికి నేల మీద ఉన్నారు. అప్పటికి మంట ఆరిపోయింది. మమ్మల్ని ఎవరూ కొట్టడం లేదు.

హరిప్రియ బయట వరండాలో నాకోసం కూర్చుని ఉంది. నేను జరిగింది జరిగినట్టు చెప్పానన్న సంగతి ముందు నేనే ఆమెకు చెప్పవచ్చా అని అధికారిని అడిగాను. కుదరదన్నారు. కావాలంటే వెనక గుమ్మం నుంచి పంపుతామన్నారు. వద్దన్నాను. ముందు గుమ్మం నుంచే వెళ్తాను.

ఇదంతా ఆండాళ్ గారు నాకు తెలుగులో చదివి వినిపించారు. ఇందులో నేను చూడనిది ఏదీ చేర్చలేదు. చూసింది ఏదీ వదల్లేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా, తెలిసి, ఒప్పుకుని చేసిన సంతకం.

(సంతకం)
కొల్లి వైశాలి