రెప్ప వెయ్యని దీపాలు

కాలు లాక్కోకు ఫలానికో. కాలుతోందా? కాలనీ. తారో దుంపలు ఉడికించే పెద్ద గిన్నె నిండా నీళ్లు కాచి తెచ్చాను, కొబ్బరి నూనె కూడా పోశాను. ఇంకేం కావాలి నీకు? ఈత కొలను కావాలి. నాకు తెలుసులే.

మళ్లీ ఆ ఈత లావలావా లుంగీలా చుట్టుకుని కూర్చున్నావు. మంగళవారం వస్తే చాలు, పనిచేసే ఆ ఒక్క చేత్తోనే ఎలా కట్టుకుంటావో ఏమో, గుమ్మం దగ్గర కుర్చీలో తయారు. కొలను మూసేసి తొమ్మిది వారాలైందని ఎన్నిసార్లు చెప్పాలి ముసలోడా? పక్షవాతం నీ నోటి మాట పట్టుకుపోయింది గానీ మొండితనం జోలికి పోలేదు.

ఆ కాగితం నా మీదికి తొయ్యకు. కౌన్సిల్‌కి ఇంకో ఉత్తరం రాయమంటావు, అంతేగా? పాస్టర్ గారి చేత ఒకటి రాయించాం, వాళ్లు బదులూ ఇచ్చారు. చిన్న కొలనుకి వేడి వచ్చేది పక్కనున్న డేటా సెంటర్ నుంచి. అక్కడి కంప్యూటర్లు కక్కే వేడి గొట్టంలో వచ్చి నీళ్లు కాచేది. ఇప్పుడు అంత వేడి రావడం లేదు. గ్యాస్ పెట్టి కాయడానికి ఊరికి తాహతు లేదు. వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

పెద్ద కొలనులో పిల్లలు ఆ చల్లటి నీళ్లలోనే దూకుతున్నారు. నిన్ను ఒక్కసారి దించితే ఏమైంది? కాలు కొయ్యలా బిగుసుకుపోయింది. ఇన్వర్‌కార్గిల్ పట్నంలో వెచ్చటి కొలనుకి పోదామంటే కారు లేదు.

పదకొండు అడుగులు వేశావయ్యా నువ్వు. గోడ పట్టుకోకుండా. నడుం దాకా వెచ్చటి నీళ్లు, నేను నీ ఎదురుగా వెనక్కి నడుస్తూ లెక్కపెడుతున్నాను. పదకొండు అనగానే నవ్వావు, సగం మూతితోనే. ఏడాది లోపల ఎంత వస్తే అంతే, ఆ తర్వాత కష్టం అని డాక్టరమ్మ చెప్పింది. పిల్లల ఆదివారం పండగ నాటికి చర్చిలో మగవాళ్ల వరసలో నీ చోటికి నువ్వే నడిచి వెళ్తావనుకున్నాం. పాడకపోయినా నిలబడతావనుకున్నాం.

వచ్చే ఆదివారమే అది. నిన్న హాల్లో ఎన్ని వేశావు? మూడు. ఆ మూడోది నా భుజం వేసింది. పాతికేళ్లు మాంసం ఫ్యాక్టరీలో గొర్రెలు మోసిన మనిషివి.

అందుకే చెప్తున్నా, కౌన్సిల్‌ని తిట్టుకోకు. వాళ్లు కాదు.

ఆ కేకు గుర్తుందా? చలికాలంలో తెచ్చాను, రెండు ముక్కలు తిన్నావు. ఏంటని కళ్లతో అడిగితే ఎవరిదో పుట్టినరోజన్నాను. అబద్ధం. ఆ కేకు నాదే. దాని మీద నా పేరుంది. ఇంటికి తెచ్చేముందు ఆ పేరున్న ముక్క కోసి నేనే తినేశాను.

విను. మధ్యలో మొహం తిప్పకు.

డేటా సెంటర్‌కి కరెంటు ఖర్చు ఇలాగే ఉంటే మూసుకుని ఆక్లాండ్ పోవడమేనని పైవాళ్లు అన్నారట. కర్‌స్టీ ఉంది కదా, ఆ ఎర్రజుట్టు ఇంజనీరు పిల్ల, అందరినీ కూర్చోబెట్టింది. నేల తుడిచే మమ్మల్ని కూడా. "మీ కళ్లకి ఎక్కడైనా దండగ కనబడితే చెప్పండి" అంది. నన్ను అక్కడ ఒకరు ఒక మాట అడగడం తొమ్మిదేళ్లలో అదే మొదలు.

నా సంగతి నీకు తెలుసు. అంగట్లో చిల్లర తక్కువిచ్చినా నోరు మెదపను. "దేవుడు నోరిచ్చింది తారో తినడానికేనా లూపే?" అని నువ్వేగా పొడిచేవాడివి. నీకు మాట పడిపోయాక, ఇక ఇద్దరి మాటా నేనే మాట్లాడాలనుకున్నాను.

మాట్లాడాను.

"ఈ వరసల్లో పెట్టెల దీపాలు రెప్ప వెయ్యవమ్మా" అన్నాను. తనకి అర్థం కాలేదు. "మిగతా కంప్యూటర్ పెట్టెల మీద పచ్చదీపాలు గబగబా మినుకుమంటాయి. ఇవి మాత్రం ఏళ్ల తరబడి ఊరికే వెలుగుతున్నాయి. ప్రసంగమప్పుడు మా ఆయన కళ్లలాగ. తెరిచే ఉంటాయి, లోపల ఎవరూ ఉండరు."

పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వడం మానేసి, నేల మీదే కూర్చుని ఆ చిన్న కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుంది.

మూడింట ఒక వంతు, ఫలానికో. పని అయిపోయాక ఎవరో ఆపడం మరిచిపోయిన పెట్టెలు. ఏ పనీ లేకుండా కరెంటు తాగుతూ, వేడి కక్కుతూ కూర్చున్నాయి. నెల రోజులు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోయారు. ఖర్చు దిగింది. ఆక్లాండ్ మాట పోయింది, నా పని నిలిచింది. కేకు కోసి చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాతి వారమే కొలను మూశారు.

ఆ వేడి గొట్టం గోడలోంచి నా కళ్లెదురుగానే పోతుంది. దాని మీద దుమ్ము తుడిచేదీ నేనే. ఎక్కడికి పోతుందో తెలుసు. అయినా ఆ రోజు తట్టలేదు. ఒకరు నన్ను అడిగారన్న సంబరంలో తట్టలేదు.

చెయ్యి తీసేసుకున్నావా? తీసుకో. కాలు మాత్రం ఉంచు, ఇంకా వెచ్చగానే ఉన్నాయి నీళ్లు.

ఇంకొకటుంది, అదీ వినేయ్. చివరి వరస వెనకాల, తలుపు మూలన, నాలుగు పెట్టెలు వాళ్ల కంట పడలేదు. వాటి దీపాలూ రెప్ప వెయ్యవు. నిన్న కర్‌స్టీ వచ్చి "ఇంకేమైనా కనబడిందా లూపే?" అని అడిగింది.

లేదన్నాను.

నాలుగు పెట్టెల వేడి కొలనుకి ఏ మూలకి? తెలుసు నాకు. అయినా రోజూ వాటిని తుడిచి, కాసేపు చెయ్యి ఆనించి వస్తున్నాను.

చల్లారిపోయాయి నీళ్లు. ఆ రెండో కాలు ఇటివ్వు, తుడుస్తాను.