దుర్గయ్య సారు కట్టించుకున్న గంట

ఏం చదువుతున్నవ్ భానూ, గంత గట్టిగ? సేవ్‌డ్ బై ది బెల్లా? ఆఖరి ఘడియల తప్పించుకునుడని రాసిండ్రా? మంచిదే. యాడికెళ్లి వచ్చిందట ఆ మాట? గుద్దులాటలకెళ్లా? దెబ్బలు తినేటోడు పడిపోకముందే గంట కొట్టి ఆట ఆపుతరు, గట్లనా? అయితే దుర్గయ్య సారు చెప్పింది ఉత్త కతనేమో. నువ్వుంటున్న రూముల్నే ఉంటుండె బిడ్డా, తొంభై మూడుల. అశోక్‌నగర్‌ల పరీక్షల పోరగాండ్లకు ఇంగ్లీషు చెప్తుండె. చిక్కడపల్లిల మిర్చిబజ్జీలు కట్టించుకొని వస్తుండె, నాకు పెట్టనిదే ముట్టకపోతుండె. ఏం చెప్తున్న? ఆ, గంట.

సారు ఏమంటుండెనంటే, "ఎనకట ఇంగ్లండుల బతికున్నోళ్లను గూడ సచ్చిండ్రని పూడ్సిపెడుతుండిరట అన్నా. గందుకని పీనుగు వేలుకు దారం కట్టి, బొంద మీద గంట కడుతుండిరట. లోపల తెలివొస్తే దారం గుంజుతడు, గంట మోగుతది, తవ్వి తీస్తరు" అని. ఆయనకు ఫిట్స్ ఉండె. ఒకపారి పడి కట్టె లెక్క బిగుసుకపోతే నేను ఏడ్సిన గూడ. గంటసేపటికి లేసి "చాయ్ ఉన్నదా?" అన్నడు. గా దినం నుంచి భయం పట్టుకున్నది. వాళ్లల్ల కాలవెట్టరు, పూడ్సుడే. "నాకు దారం కట్టు అన్నా, ఒట్టెయ్యి" అని చెయ్యి పట్టుకున్నడు. ఏసిన. ఎండకాలం ఒకనాడు పొద్దున లేవలే. డాక్టరు నాడి చూసి అయిపోయిందన్నడు. సారు తమ్ముడు జైపాల్ ఊరి నుంచి వచ్చిండు, ఎండకు పీనుగు ఆగదని ఒకటే తొందర. నేను బొందల దిగి, బట్ట సర్దినట్టు చేసి వేలుకు నల్లదారం కట్టిన. మీద గూటం పాతి చిన్న గంట కట్టి, దారం కొస దానికి ముడేసిన. "ఇంగ్లీషు పిచ్చి నీకు గూడ అంటిందా పెద్దాయనా?" అని నవ్విండు జైపాల్.

మన్ను పోసి వస్తున్నం. బొందలగడ్డ నుంచి మర్లేటోడు ఎనక్కు చూడొద్దు, నీకెరుకే గదా. పది అడుగులేసినమో లేదో, గంట మోగింది. చిన్నగ. ఎవ్వరు ఆగలే. శవం ముంగట జేగంట కొట్టుకుంట వచ్చిన దాసరి బుగ్గయ్యనే కొడుతున్నడనుకున్నరు. నేను గూడ గట్లనే అనుకున్న. మళ్ల మోగింది. చూస్తే బుగ్గయ్య నా ముంగటనే నడుస్తున్నడు. జేగంట తువ్వాలల సుట్టి సంకల పెట్టిండు, రెండు చేతుల బీడీ ముట్టించుకుంటున్నడు. గాలి అనుకుందామంటే ఆకు గూడ కదల్తలేదు భానూ. తిరగాలె. అందరు ఏమంటరో, నాకేమైతదో అని... తిరగలే. గేటు దాటేదాక మోగింది. మూడోనాడు పిట్టకు కూడు పెట్టనీకి బొంద కాడికి పోతే గూటం బొంద దిక్కు ఒంగున్నది. గంట మన్నుల సగం దిగున్నది. జైపాల్ "కుక్కలు" అన్నడు. నేను మెల్లగ దారం పట్టి గుంజి చూసిన. రాలే. బిగుతుగ ఉన్నది, అటు దిక్కు ఎవరో పట్టుకున్నట్టు. ఇడిసిపెట్టి లేసిన. ఎవ్వరికి చెప్పలే ఇన్నేండ్లు. ఒట్టేసినోన్ని నేను, పిలిస్తే పోలే...

నల్లా వచ్చినట్టుంది. లే, బిందె పెట్టుపో.