దిగనోడి తోపు

తవిటయ్యకి సెట్టెక్కడమంటే బయ్యం. పామంటే బయ్యం నేదు, దెయ్యమంటే బయ్యం నేదు, ఆఖరికి పెళ్ళామంటే కూడా అంత నేదనుకోండి, గానీ కాలు నేల మీంచి లేచిందా, ఇంక ఆ మనిసి మనిసి కాడు, కళ్ళు తిరిగిపోయేవంట. అలాటోడికి వాళ్ళయ్య పోతా పోతా ఏటిచ్చాడనుకున్నారు? సింతతోపు ఇచ్చాడు. పెద్దోడు పోలినాయుడికి పల్లపు పొలం, సిన్నోడు తవిటయ్యకి సింతతోపు. ఈ తవిటయ్య మా ముత్తాతే లెండి. మా వంశంలో అందరికన్నా గొప్పోడు ఆడే, మిగతావోళ్ళం ఎలాటోళ్ళమో మీరే ఊహించుకోండి.

మాఘమాసం వచ్చింది, సింతకాయ పండింది. పెళ్ళాం గవరమ్మ బుట్టలు బయటెట్టి, "మావా, కాయ దులుపుదాం రా" అందంట. ఈడు ఒకరోజు నడుం నొప్పన్నాడు, ఒకరోజు అమావాస్య అన్నాడు, మరోరోజు అరికాల్లో ముల్లన్నాడు. సొంత పెళ్ళానికి బయ్యమని సెప్పుకోలేడు కదా, మగోడాయె. ఇంక ఏ సాకూ దొరక్క తలొంచుకుని తోపులోకెళ్ళి పైకి సూసాడు. సూస్తే ఏటుంది? కొమ్మకొమ్మకీ కొంగలు. సలికాలంలో ఎక్కడి నుంచో వచ్చి గూళ్ళు కట్టుకునే పెద్ద కొంగలు, గూటిగూటికీ పిల్లలు, నోళ్ళు తెరుసుకుని. ఏటేటా వచ్చేవే, గానీ ఆయేడే ఈడి కంటికి దేవుళ్ళలాగ కనబడ్డాయి. పరుగున ఇంటికొచ్చి, "ఒలే గవరా, అయి పిల్లల తల్లులే. పచ్చి బాలింతల ఇంట్లో సొరబడి సెయ్యెట్టమంటావేటే? మా అయ్య ఆత్మ ఊరుకుంటాదా?" అన్నాడంట. గవరమ్మకి కళ్ళంట నీళ్ళొచ్చాయి. నా మొగుడు ఇంత జాలి మనిసా అని ఊరంతా సెప్పుకొచ్చింది. ఊరంతా తవిటయ్య ధర్మాత్ముడు, ధర్మాత్ముడు అంటుంటే తవిటయ్య కూడా నమ్మేసాడు. రోజూ తోపులో కూకుని వాటినే సూసేవోడు. తల్లి పిల్లకి సేప తినిపిస్తంటే ఈడి నోరు తెరుసుకునేదంట. అలా సూసి సూసి నిజంగానే వాటి మీద పేణం పెట్టేసుకున్నాడు, ఆ ముక్క మాత్రం అబద్దం కాదు.

అలాగుండగా ఏటైందంటే, అన్న పోలినాయుడికి ఒళ్ళు మండింది. నువ్వు కాయ దులపవు, ఈ కొంగల రెట్ట కంపు మేం పడలేకున్నాం, సెట్లు కొట్టించి ఆ నేల్లో సోళ్ళ పంటేసుకో, నీకు సేతకాపోతే నేనే కొట్టిస్తానని, బొగ్గులు కాల్సేవోడిని, ఆడి కూలోళ్ళని గొడ్డళ్ళతోటి తీసుకొచ్చేసాడు. తవిటయ్య అడ్డం పడ్డాడు, కాళ్ళట్టుకున్నాడు. "అన్నా, గూళ్ళలో పిల్లలున్నాయి, ఇంకా ఎగరలేవు, సచ్చిపోతాయన్నా." అన్న వింటేనా. పెద్దోడి మాట కదాని ఊరోళ్ళూ పక్కకి తప్పుకున్నారు. గొడ్డలి దెబ్బ ఒకటి పడింది. సెట్టదిరి పిల్లొకటి ఎండాకుల్లోకి దబ్బున పడింది. ఈకలు కూడా సరిగ్గా రానేదు, గుండె కొట్టుకుంటాంది. అందరూ తవిటయ్య వైపు సూసారు. ధర్మాత్ముడు కదా, ఆడు కాకపోతే ఇంకెవుడు పైనెడతాడు.

ఇంక సూడండి. తువ్వాల్లో పిల్లని మూటకట్టి మెడకేసుకుని, కళ్ళు మూసుకుని ఎక్కాడు. ఎలా ఎక్కాడో ఆడికీ తెలీదు. తల్లికొంగ నెత్తి మీద పొడిసిందంట, మిగతావన్నీ మొకం మీదా ఈపు మీదా రెట్టలేసాయంట. పిల్లని గూట్లో పెట్టాడు. అక్కడితో ఊరుకుంటే బాగుణ్ణు, కళ్ళు తెరిసి కిందకి సూసాడు. ఇంకేటుంది, కొమ్మని కావలించుకుని ఉండిపోయాడు. "పెట్టేసావు కదరా, దిగు, మావోళ్ళకి పనుంది" అన్నాడు అన్న. దిగలేనంటే ఊరంతా నవ్వుద్ది. అందుకని, "నాను దిగను" అన్నాడు. మనిసున్న సెట్టుకి గొడ్డలెట్టేది నేదని కూలోళ్ళు కూకున్నారు. పోనీ పక్క సెట్టు కొడదామంటే కొమ్మలన్నీ ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయున్నాయి, అది పడితే ఇదీ పడుద్ది. బొగ్గులోడు సూసి సూసి ఇసుక్కుని, మీ అన్నదమ్ముల గొడవ మీరు తేల్సుకోండని ఎల్లిపోయాడు. పొద్దు వాలింది. తమ్ముడు పడి సస్తాడేమోనని పోలినాయుడికి గుండె జారింది, ఎంతైనా తోడబుట్టినోడు. "తోపు జోలికి రానురా, అయ్య మీద ఒట్టు. దిగు నాయనా" అన్నాడు.

మరి గెలిసినోడు దిగాల కదా. దిగలేదు. "ఇంకేటి కావాలిరా నీకు?" అన్నాడు అన్న. ఏదోటి అడక్కపోతే గుట్టు బయటపడిపోద్ది. "గూళ్ళలో పిల్లలున్నన్నాళ్ళూ తోపు పక్కన డప్పు కొట్టకూడదు" అన్నాడు. సరేనన్నారు ఊరోళ్ళు. దిగలేదు. ఇంకేటంటే, "ఎండు పుల్ల కూడా ఇరవకూడదు, అయి గూళ్ళకి కావాల" అన్నాడు. సరేనన్నారు. దిగలేదు. మరింకేటిరా అంటే, ఈసారి కడుపులోంచి వచ్చింది మాట. "మన వంశంలో ఎవుడూ, ఎప్పుడూ ఈ సెట్లెక్కకూడదు." ఊరోళ్ళు సేతులెత్తి దణ్ణం పెట్టారంట. మా తోపు కట్టుబాట్లన్నీ అలా పుట్టినవే బాబూ. ఇంకాసేపు పైనే ఉండుంటే మేం తోపులో తుమ్మడానికి కూడా ఉండేది కాదు.

గవరమ్మ మాత్రం కొమ్మని పట్టుకున్న ఆ సేతుల్ని సూసింది. నడుం నొప్పీ, అమావాస్యా, ముల్లూ, అన్నీ ఒక్కసారి తెలిసొచ్చాయి. "ఇంక ఎల్లండి. మా మావ కొంగలకి దణ్ణమెట్టుకుని దిగుతాడు, ఎవులూ సూడకూడదంట" అని అందర్నీ పంపేసి, నిచ్చెన తెచ్చి ఆనించి, "కళ్ళు తెరవకు మావా, ఎడం కాలు కిందకెయ్యి, ఇంకాస్త, ఇదిగో నా సెయ్యి" అంటా దింపింది. నేల తగిలాక బావురుమన్నాడు. "బయ్యమేసిందే గవరా." "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా." "సెప్తే నవ్వుతావని." "నవ్వుతాను మరి" అని, ఈడి మొకం మీద రెట్ట కొంగుతో తుడుస్తా పకపకా నవ్విందంట. కొంగలు పిల్లల్తో ఎగిరిపోయాక పక్కూరోళ్ళ సేత కాయ దులిపించింది. ఈడు కింద కూకుని ఏరాడు. ఈ అసలు సంగతి గవరమ్మ తన కోడలికి సెప్పింది, ఆ కోడలు మా అమ్మకి సెప్పింది, ఇంట్లో మగోళ్ళకి మాత్రం ఎవులూ సెప్పలేదు, గొప్పలు సెప్పుకోనీ పాపమని.

ఇప్పుడా తోపు నా సేతుల్లో ఉంది. పట్నం నుంచి పక్షులోళ్ళు వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, "ఈ ప్రేమ మీ రక్తంలోనే ఉందమ్మా" అంటారు. రక్తంలో ఏటుందో నాకు తెలుసు. ఆమధ్య ఆళ్ళే కొంగల్ని సూడ్డానికని ఎత్తుగా మంచె కట్టించి, ఇంటికి పెద్దదానివి, ముందు నువ్వే ఎక్కాలన్నారు. పరువుకి పోయి ఎక్కాను. అందరూ సప్పట్లు కొట్టారు, ఇంక దిగమ్మా అన్నారు. నాను దిగనన్నాను. ఆళ్ళ పెద్దాయన కంగారు పడిపోయి, "మీకేం కావాలమ్మా?" అన్నాడు. తోపు సుట్టూ కంచె కావాలన్నాను. అదిగో, ఆ కనబడతాంది సూడండి, అదే కంచె.