చంద్రకాంత వాసనకు దిగిన విమానం

మేస్త్రీ మహేశ్వరన్న చేతులకెళ్లి కొలతల టేపు గుంజుకున్న. తెల్లారితే మా వాకిలంత సిమెంటు పోసుడేనట. ఈసారి బతుకమ్మల మా వాకిట్ల పూసిన పూలే పెట్టాలని నా పట్టు. బాపు అరుగు మీద చాయ్ తాగుతుండు, నాయనమ్మ చిక్కుడుకాయల నార తీస్తుంది, పక్కింటి రూతక్క గోడ మీదికెళ్లి తొంగి సూస్తుంది. సభ నిండింది. మొదలుపెట్టిన.

“అన్నా, ముందుగాల ఈ మట్టి సంగతి జర ఇను. పోయినేడు తొలకరికి నాయనమ్మ డబ్బాలకెళ్లి దోసెడు చంద్రకాంత గింజలు తీసి, నానబెట్టి, గిదే గోడ పక్కన నాటిన. పొద్దుగూకే యాళ్లకు పూసే పూలు గదా! దసరా ముందట ఒక మాపు చెట్లన్నీ ఒక్కసారే విచ్చుకున్నయి. రూతక్కా, మీ ఇంట్ల ఉడికే చేపల పులుసు వాసన ఏడికి పోయిందో?”

“ఏడికీ పోలే. నాకు గదే వచ్చింది.”

“నీకు జలుబుండె అక్కా! ఆ తర్వాత ఏమైందో ఎరుకనా? వాసన బస్టాండు దాటి, బొంగులూరు కాడ రింగురోడ్డెక్కింది. పెద్ద అంబర్‌పేట్‌కు పోయే లారీలు, స్టీరింగు ముట్టకున్నా, మన దిక్కే తిరిగినయి. మా ఇంటి ముంగట లైను!”

“మన గల్లీలకు ఆటోనే రాదు గద, నర్మదా,” అన్నడు బాపు.

“వాసనకు గోడలు పక్కకు జరిగినయి బాపూ! అసలు ముచ్చట గది గాదు. మహేశ్వరం ఊరి మీదికెళ్లి పోతున్న విమానం! పైలట్ ముక్కుకు వాసన తాకింది. ఎయిర్‌పోర్టు ఇడిసిపెట్టి తెచ్చి మన వాకిట్ల దించిండు. ఒక రెక్క మన దండెం మీద, ఇంకో రెక్క రూతక్క గోడ మీద. దిగినోళ్లు దిగినట్టే మట్టిల సతికిలబడి, ‘మేం దుబాయ్ పోం, గిన్ని గింజలియ్యి చాలు’ అన్నరు. అసుంటి మట్టి మీద సిమెంటు పోస్తవా అన్నా? ఆ విమానం మల్ల వస్తే ఏడ దిగాలె?”

మహేశ్వరన్న నిజంగనే మీదికి సూసిండు. గెలిచిన అనుకున్న.

నాయనమ్మ చేతుల చిక్కుడుకాయ ఆగింది. “పిల్లా, గింజలు ఏ డబ్బాలకెళ్లి తీసినవ్?”

“పచ్చ మూతది.”

“పచ్చ మూత డబ్బాల మిరియాలు గదనే! సూస్తే రెండూ నల్లగ ఒక్క తీరే ఉంటయి. చంద్రకాంత గింజలు ఎర్ర మూత దాంట్ల ఇప్పటికీ గట్లనే ఉన్నయి. పోయినేడు చారుకు మిరియాలు లేక ఇల్లంత దేవులాడితిని!”

“గందుకే గోడ పక్కన ఒక్క మొలక గూడ రాలే,” అని రూతక్క గోడ పట్టుకొని నవ్వింది. బాపుకు చాయ్ పొలమారింది. మహేశ్వరన్న టేపు కోసం చెయ్యి సాపిండు.

నేనియ్యలే. “బాపూ, మిరియాలు నాటితేనే విమానం దిగింది. అసలు గింజలు నాటితే ఏం దిగుతదో సూడవా?”

బాపు మూతి తుడుసుకొని నా దిక్కు సూసిండు, గోడ దిక్కు సూసిండు.

“మహేశ్వర్, గోడ పొంటి రెండు మూరలు ఇడిసిపెట్టి సిమెంటు పొయ్యి,” అన్నడు. “విమానానికి జాగ కావాలెనట.”