ఆ మాట ముందు నాదే

విరామం వేళకే ఊరి ఫుట్‌బాల్ జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉంది. ఇంగ్లండులోని లాంకషైర్ వాన స్టాండులోకి జల్లు కొడుతోంది. ముప్ఫై ఏళ్లుగా పక్కపక్క సీట్లలో కూర్చుంటున్న మిత్రులిద్దరిలో ఒకడు టీ కప్పు కింద పెట్టి రెండోవాడి వైపు తిరిగాడు.

“పేపర్లో నీ కాలమ్ చూశాను.”

“బావుందా?”

“మన గోల్‌కీపర్‌కి బంతి మీదకంటే జుట్టు మీదే ధ్యాస ఎక్కువని రాశావు. పోయిన శనివారం ఇదే సీట్లో ఆ మాట అన్నది నేను.”

“అవును. నవ్వొచ్చింది, రాశాను.”

“పబ్బులో కొత్త బ్యాండువాళ్లు పాడేదానికంటే మైకు సరిచేసుకునేదే ఎక్కువన్నదీ నేనే. పన్నెండో నంబరు బస్సు మీద వేసిన జోకూ నాదే.”

“నీ పేరు వెయ్యమంటావా ఏంట్రా?”

“నా పేరెవడిక్కావాలి? మా డోరీన్ నీ కాలమ్ కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించింది. ఇంటికొచ్చినవాళ్లందరికీ చదివి వినిపిస్తోంది.”

“మీ ఆవిడా? సంతోషం.”

“నీకు సంతోషమే. అవే మాటలు నేను భోజనాల దగ్గర చెబితే, చెత్తబుట్ట బయట పెట్టావా అని అడుగుతుంది.”

రెండోవాడు నవ్వబోయి, అతని మొహం చూసి ఆగాడు.

“పోనీ, రాయడం మానెయ్యనా?”

“మానకు. వచ్చేవారం ఇంకోటి రాయి. మొగుడితోపాటు పెళ్లాం కూడా ఆటకొచ్చి పక్కన కూర్చుంటే ఎంత బావుంటుందో రాయి. పదేళ్లుగా పిలుస్తున్నాను, రాదు. నువ్వు చెబితే వింటుంది.”

“నీ పక్క సీటు నాది కదరా. మరి నేనెక్కడ కూర్చోను?”

“ఆ చివర కూర్చో. నేను దానితో అనే మాటలు నీకు వినపడనంత దూరంలో.”