మూడొందల మేకులు

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో టీ గ్లాసు చేతికొచ్చిందంటే చాలు, దర్జీ బావకి తుఫాను గుర్తొస్తుంది. ఈ వారం మరీ పూనకం వచ్చింది. గాలివానకి దెబ్బతిన్న చర్చిలు బాగుచేయడానికి మళ్ళీ జనాన్ని పంపుతున్నారు, వాళ్ళకి నాయకుడెవరో పాస్టరుగారు ఇవాళే చెప్పాలి. ఆ పెద్దరికం కోసం బావ ప్రాణం కొట్టుకుంటోంది.

ఆటో తోలే బావమరిది గోడకానుకుని కూర్చుని వింటున్నాడు. పోయిన నెల ఓ చర్చికి కప్పు రేకులు వేయడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. నిచ్చెన రెండో మెట్టు ఎక్కగానే బావకి కళ్ళు తిరిగాయి. ఇక మూడు రోజులూ కింద కూర్చుని మేకులు అందించాడు. పైకెక్కి కొట్టినవాడు బావమరిది. అక్క మొహం చూసి ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు.

"ముందు నాలుగు రేకులే వేద్దామనుకున్నా," అని మొదలెట్టాడు బావ. "చెయ్యి ఊరుకోదే. మేకుకి ఒక్కటే దెబ్బ, మధ్యాహ్నానికి సగం కప్పు అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మళ్ళీ గాలి లేచింది. రేకు పట్టుకుని ఉన్నానా, దాంతోపాటు నేనూ లేచాను."

ఎంత ఎత్తుకి లేచావు నాయనా అని అడిగింది పియానో వాయించే పెద్దావిడ.

"గంట గోపురం నా మోకాలి కిందికొచ్చింది. పోతూ పోతూ కాలితో గంట కొట్టా, మూడు ఊళ్ళ జనం ఆరాధనకొచ్చేశారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేకుని అటూ ఇటూ వంచి సరిగ్గా దాని చోట్లోనే దిగా, దిగుతూనే మేకు దిగ్గొట్టా. మూడొందల మేకులు. ఒక్కటి ఇంకొకణ్ణి కొట్టనిస్తే ఒట్టు. గాలి జడుసుకుని సముద్రంలోకి తిరిగిపోయింది."

బావమరిదికి ఒళ్ళు మండింది. అరచేతిలో బొబ్బలు ఇంకా మానలేదు. ఇక ఉన్నదున్నట్టు చెప్పేద్దామని లేచాడు.

అంతలో పాస్టరుగారి పక్కన కూర్చున్న కొత్తావిడ గ్లాసు కింద పెట్టింది. "అన్నగారూ, రేకుకి మిట్టా పల్లం ఉంటాయి కదా. మేకులు ఎక్కడ కొట్టారు?"

బావ కింద నుంచి చూసింది గుర్తు తెచ్చుకున్నాడు. "పల్లంలోనే. మిట్ట మీద కొట్టేది చేతకానివాళ్ళు."

"నేను ఆ చర్చి నుంచే వచ్చా," అందావిడ. "ఆ వారం ఊళ్ళో లేను. నీళ్ళు పారేది పల్లంలోనే అన్నగారూ. వానొస్తే మేకుకో ధార. మొన్న గొడుగులు వేసుకుని ప్రార్థన చేశాం. కొట్టినాయన్నే మళ్ళీ పంపమని అడగడానికొచ్చా. మూడొందలూ పీకి, చిల్లులు పూడ్చి, మిట్ట మీద కొట్టాలి."

నాయకుడి కోసం ఇక వెతకక్కర్లేదన్నారు పాస్టరుగారు. బావ మొహం మాడిపోయింది. నువ్వే కాపాడాలిరా అన్నట్టు బావమరిది వైపు చూశాడు.

బావమరిది నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు.

"మా బావ ఒక్క మేకు కూడా ఇంకొకరిని ముట్టనివ్వడండీ," అన్నాడు. "నేను కింద నిచ్చెన పట్టుకుంటా."