మంత్రిగారి చిత్తరువు

పీటర్స్‌బర్గ్ కోటలో, మహారాణి కొత్తగా చేరదీసిన యువమంత్రి ముసలి చిత్రకారుడి ముందు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"ఏం ముసలాడా, మొహం ఒక్కటే గీస్తున్నావు. కోటూ పతకాలూ ఎప్పుడు గీశావు?"

"అవి ముందునుంచీ ఉన్నవే ప్రభూ. ఇది మీకు ముందు మంత్రిగా ఉన్న జిమీన్ దొరగారి బొమ్మ. ఆయన తల గీకేసి మీ తల పెట్టమని మహారాణిగారి ఆజ్ఞ."

"జిమీనా! టర్కీ యుద్ధం తానొక్కడే గెలిచినట్టు ఎగిరాడు. ఇప్పుడు పల్లెలో కూర్చుని క్యాబేజీల మీద పెత్తనం చేస్తున్నాడట. ఆ దద్దమ్మ కోటు నాకా?"

"ఆయనదీ కాదు లెండి. ఈ కోటు మీద మీది అయిదో తల. పొట్ట మాత్రం కాస్త తగ్గించాను."

"నన్ను వాళ్లతో కలపకు! సగం సామ్రాజ్యం నా సంతకంతో నడుస్తోంది. రేపటికల్లా వార్నిష్ పూసి సింహాసనం గదిలో తగిలించు."

"రేపెలా కుదురుతుంది ప్రభూ? మొహం మీద రంగు ఏడాదిపాటు ఆరాలి. ఆ తర్వాతే వార్నిష్."

"అయితే వచ్చే ఏడాదే పూద్దువుగాని. సీసా సిద్ధంగా ఉంచుకో."

"సిద్ధంగానే ఉంది ప్రభూ. ఈ బొమ్మ కోసమే నాలుగేళ్ల కిందట తెచ్చాను. ఇంకా మూత తియ్యలేదు."